మర్కటవినోదము – అనుమోదిత హింస



హింసను గూర్చి మన శాస్త్రాలు చూపిన సూక్ష్మదృష్టి అపూర్వమైనది. పతంజలి మహర్షి యోగసూత్రాల సాధనపాదంలో హింసను మూడు విధాలుగా విభజించాడు: కృతము, కారితము, అనుమోదితము. తాను స్వయంగా చేసినది మొదటిది. ఇతరుల చేత చేయించినది రెండవది. ఇతరులు చేయగా చూచి, 'బాగున్నది' అని మనసారా సమ్మతించినది మూడవది. మూడింటికీ ఫలం అనంతమైన దుఃఖమూ అజ్ఞానమూ అని ఆయన నిర్ణయం. మనువు సైతం మాంసభక్షణ ప్రకరణంలో ఘాతకులను ఎనిమిదిమందిగా లెక్కిస్తూ, ఆయుధం పట్టినవానికంటె ముందుగా 'అనుమంత'ను, అనగా సమ్మతి ఇచ్చినవానిని, నిలిపాడు.

ఈ మూడవ విభాగాన్ని మనం చాలాకాలం గ్రంథాలకే వదలివేశాము. ఎక్కడో జరిగే హింసకు సామాన్య గృహస్థు సమ్మతి తెలిపే అవకాశమే ఒకప్పుడు అరుదు. నేడు అది ప్రతివాని అరచేతిలో ఉన్నది. సంధ్యావందనం ముగించి లేచినవాడు, సహస్రనామ పారాయణ చేసి పుస్తకం మూసిన ఇల్లాలు, చరవాణి తెరచి, గౌను తొడిగిన కోతిపిల్ల పాలసీసా పట్టుకొన్న దృశ్యం చూచి, 'ఎంత ముద్దుగా ఉన్నదో' అని ఎర్రని హృదయచిహ్నాన్ని తాకుతున్నారు. ఆ స్పర్శయే అనుమోదనం. దానికి ఫలం ఉన్నదా, లేదా? ఉన్నదనియే నా పక్షం. దానిని ప్రమాణయుక్తంగా నిరూపించడానికే ఈ వ్యాసం.

దృశ్యం వెనుక ఉన్న సత్యం

ముందుగా ప్రత్యక్షాన్ని పరిశీలిద్దాము. ఆగ్నేయాసియా అరణ్యాలలో స్లో లోరిస్ అనే చిన్న ప్రాణి ఉన్నది. మన శేషాచల అరణ్యాలలో ఉండే దేవాంగపిల్లికి ఇది దాయాది. పెద్ద కన్నులు, మందగమనం, రాత్రి సంచారం, చెట్టుబంక, పూదేనె, పురుగులు – ఇది దాని ప్రకృతి. 2009 నుండి ప్రపంచమంతటా వ్యాపించిన ఒక దృశ్యంలో ఎవరో ఒక లోరిస్‌కు చక్కిలిగింతలు పెడుతుంటే అది రెండు చేతులూ పైకెత్తి నిలుస్తుంది. 'ఇంకా కావాలని అడుగుతున్నది' అని ఎందరో మురిసిపోయారు.

అది అడగడం కాదు. లోరిస్ మోచేతి దగ్గర ఒక గ్రంథి ఉన్నది. దాని స్రావం లాలాజలంతో కలిసినపుడు విషమవుతుంది. వానరజాతి ప్రాణులలో విషం గలవి ఇవి మాత్రమే. ప్రాణభయం కలిగినపుడు అది చేతులెత్తి, ఆ గ్రంథిని నోటికి చేరువగా తెచ్చుకొంటుంది. అంటే మనం చూచినది ఆత్మరక్షణ ముద్ర. దిక్కులేని జీవి శత్రువు ఎదుట చేసే చివరి ప్రయత్నానికి మనం 'ముద్దు' అని పేరు పెట్టాము. ఆ కాటుకు జడిసిన వర్తకులు గోళ్ళు తీసే కత్తెరతో, మత్తు కూడా ఇవ్వకుండా, దాని పండ్లు కత్తిరిస్తారు. చీము పట్టి చచ్చినవి చావగా మిగిలినవే అంగడికి చేరుతాయి. రాత్రి చూడడానికి సృష్టింపబడిన ఆ నేత్రాలను పట్టపగటి వెలుగులో, దీపాల కాంతిలో నిలిపి చిత్రీకరిస్తారు. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైటెస్ 2007 లోనే లోరిస్ వ్యాపారాన్ని నిషేధించిన మొదటి అనుబంధంలో చేర్చింది. అయినను ఆ దృశ్యం చూచి, 'ఇటువంటిది నాకూ కావాలి' అని వ్యాఖ్యానించినవారు అనేకులని 2013 లో ప్రకటితమైన ఒక పరిశోధన తేల్చింది. దృశ్యం కోరికను పుట్టిస్తున్నది. కోరిక వలను పన్నుతున్నది.

ఇక కోతిపిల్ల సంగతి. వానరశిశువు నెలల తరబడి తల్లి ఉదరాన్ని కరచుకొని బ్రతుకుతుంది. ఏ తల్లీ దానిని ఇష్టపూర్వకంగా విడువదు. అందుచేత పిల్ల కావలసినవాడు బహుధా తల్లిని చంపియే తీసుకొంటాడు. గత శతాబ్దపు మధ్యకాలంలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో హార్లో అనే శాస్త్రవేత్త కోతిపిల్లలను తల్లుల నుండి వేరుచేసి రెండు కృత్రిమ మాతృరూపాల నడుమ ఉంచాడు. ఒకటి తీగలతో చేసినది, పాలు ఇచ్చేది. రెండవది మెత్తని గుడ్డ చుట్టినది, పాలు ఇవ్వనిది. పిల్లలు పాలు త్రాగి వచ్చి గుడ్డబొమ్మనే కౌగలించుకొన్నాయి. ఆకలికంటె పెద్దది మాతృస్పర్శ అని ఆ మూగజీవులు ఋజువు చేశాయి. చరవాణి దృశ్యాలలో కోతిపిల్ల బొమ్మను, దిండును, యజమాని మెడను విడువక పట్టుకొనడం చూచి మనం 'ప్రేమ' అంటున్నాము. ఆ చేతులు వెదకుతున్నది తల్లిని.

'పండ్లన్నీ చూపి నవ్వుతున్నది' అని సంబరపడే దృశ్యాలూ ఉన్నాయి. చింపాంజీలలోనూ, అనేక కోతిజాతులలోనూ పెదవులు సాగదీసి దంతాలు చూపడం భయానికి, లొంగుబాటుకు గుర్తు. అది నవ్వని మనం నిర్ణయించాము. దానికి అడిగే నోరు లేదు.

లంకాయుద్ధ శిల్పాల నీడలో

కంబోడియాలోని ఆంగ్కోర్ వాట్ పేరు వినని హిందువు ఉండడు. 12వ శతాబ్ది పూర్వార్ధంలో సూర్యవర్మ మహారాజు శ్రీమహావిష్ణువుకు సమర్పించిన ఆలయమది. పశ్చిమ మంటపపు గోడపై లంకాయుద్ధం చెక్కబడి ఉన్నది. రాక్షసులతో పెనగులాడే వానరవీరులు అక్కడ నేటికీ రాతిలో సజీవంగా ఉన్నారు.

ఆ గోడల వెలుపల జరుగుతున్నదేమిటి? ఆ ప్రాంగణపు కోతులను ఆధారం చేసుకొని యూట్యూబ్ దృశ్యాలు తీసేవారు గుంపులుగా చేరారు. పిల్లలను తల్లులకు దూరం చేసి, రెచ్చగొట్టి, హింసించి చిత్రీకరిస్తున్నారన్న ఆరోపణలపై 2024 లో అక్కడి అధికారులు విచారణకు పూనుకొన్నారు. తినుబండారాలకు మరగిన కోతులు సందర్శకులపై పడుతున్నాయని ఆ మరుసటి ఏడు కూడా వారు వాపోయారు. గోడపై ఉన్న వానరునికి ప్రణామం, గోడ క్రింద ఉన్న వానరునికి చిత్రవధ! శిల్పాన్ని పూజించి జీవాన్ని హింసించడం ఏ ఆగమంలో ఉన్నది?

దీనికంటె ఘోరమైనది మరొకటి ఉన్నది. చెప్పడానికి నోరు రాదు, చెప్పకుండా ఉండడం ధర్మం కాదు. 2023 జూన్‌లో బీబీసీ వెల్లడించిన పరిశోధనలో, కోతిపిల్లలను హింసించే దృశ్యాల కొరకు రుసుము చెల్లించే రహస్య సమూహాలు బయటపడ్డాయి. చెల్లించేవారు అమెరికా, బ్రిటన్ వంటి దేశాలలో, హింసించేవారు ఇండోనేషియాలో, బలి అయినవి పొడవుతోక మకాక్ కోతుల పసికూనలు. ఎలా హింసించాలో కూడా డబ్బిచ్చినవారే నిర్దేశించారు. తరువాత ఈ మూడు దేశాలలోను కొందరికి కారాగార శిక్షలు పడ్డాయి. పతంజలి చెప్పిన మూడు విభాగాలను ఇక్కడ వ్రేళ్ళపై లెక్కించవచ్చు: కత్తి పట్టినవానిది కృతము, డబ్బు పంపినవానిది కారితము, కూర్చుండి చూచినవానిది అనుమోదితము. ఆ ముఠాలో కొందరు మొదట యూట్యూబ్‌లోని కోతిపిల్లల దృశ్యాల చుట్టూనే కలుసుకొన్నారన్నది గమనించదగినది. ముద్దు దృశ్యానికీ ఘోర దృశ్యానికీ వీధులు వేరు కావచ్చు, ఊరు ఒక్కటే.

పూర్వపక్షములు – సమాధానములు

ఇక ఆక్షేపణలను ఒక్కొక్కటిగా విచారిద్దాము.

'మేము ప్రేమతో పెంచుతున్నాము, ఇందులో హింస ఎక్కడ?' అని మొదటి పూర్వపక్షం. దీనికి సమాధానం భాగవత పంచమస్కంధంలోనే ఉన్నది. భరతచక్రవర్తి రాజ్యం త్యజించి గండకీతీరంలో తపస్సు చేసుకొంటూ, సింహగర్జనకు బెదరి ఏటిలో గర్భస్రావమై మరణించిన లేడి పిల్లను రక్షించాడు. రక్షించడం ధర్మమే, ఎవరూ కాదనరు. అది మేసి పెరిగి తన మందలో కలిసే వయసు వచ్చిన తరువాత కూడా 'నాది' అనే మమకారంతో దానినే చూస్తూ, జపతపాలు మరచి, మరణవేళ దానినే స్మరించి లేడియై పుట్టాడు. మహాయోగికే ఆ గతి పట్టింది. దిక్కులేని పిల్లను దయతో చేరదీసినవానికే మమకారం బంధమైతే, తల్లిని చంపించి తెచ్చిన పిల్లను సొమ్ము పోసి కొని, దుస్తులు తొడిగి, దాని పేర ఖాతా తెరచి, వ్యాపార ప్రకటనలు సంపాదించేవాని గతి ఏమి కావాలి? ప్రేమ అనేది ఇతరుని హితం కోరేది. తన సుఖం కోరేది కామం. ఈ భేదం చెప్పనిదే ఏ వేదాంతమూ లేదు.

'వానరుడు ఆంజనేయస్వరూపం. ఇంట పెంచుకొంటే స్వామిసేవ కాదా?' అని రెండవది. భక్తులలో ఎక్కువమంది చిక్కుకొనే వాదం ఇది. శ్రీరామచంద్రుడు వానరసేన సాయంతో లంకను జయించాడు, పట్టాభిషిక్తుడైనాడు. తరువాత ఏమి చేశాడు? వారిని ఘనంగా సత్కరించి, కౌగలించుకొని, కిష్కింధకు పంపాడు. అంతఃపుర వినోదం కొరకు ఒక్క వానరుణ్ణి అట్టిపెట్టుకొన్నట్లు వాల్మీకి చెప్పలేదు. హనుమంతుడు రామకథ వినబడినంతకాలం లోకంలో ఉండాలని తానే కోరి వరం పొందాడు. అతనిని ఎవరూ కట్టి ఉంచలేదు. లంకలో హనుమను కట్టినవారు ఎవరు? తోకకు గుడ్డలు చుట్టి, వీధుల వెంట త్రిప్పి, జనం చూచి నవ్వగా ఆనందించినవారు ఎవరు? నేడు కోతికి గుడ్డలు చుట్టి జనానికి చూపించేవారు రామపక్షమో రావణపక్షమో తామే నిర్ణయించుకోవాలి.

'పండితుడు సర్వజీవులను సమంగా చూడాలని గీత బోధించినది కదా. మేము కోతిని బిడ్డతో సమానంగా చూస్తున్నాము' అని మూడవది. సమదర్శనం వేరు, సమవర్తనం వేరు. పెద్దలు ఈ వివేకం పదే పదే చేశారు. అన్నిటియందు ఒకే ఆత్మను చూడడం సమదర్శనం. ఏనుగుకు చెఱకు, ఆవుకు గడ్డి, శిశువుకు పాలు – ఎవరి ప్రకృతికి తగినది వారికి ఇవ్వడం వర్తనం. కోతికి పట్టుపావడ కట్టి, కుర్చీలో కూర్చుండబెట్టి, తీపివంటలు తినిపించడంలో సమదర్శనం లేదు. దాని స్వధర్మాన్ని అపహరించి మన వేషాన్ని దానిపై రుద్దడం మాత్రమే ఉన్నది. చెట్టెక్కడం, గుంపులో మెలగడం, ఒకదానికొకటి రోమాలు సవరించుకొనడం – వానరానికి అదే కులాచారం. దానిని దూరం చేసిన తరువాత మిగిలేది ఒక రోమశమైన బొమ్మ. యుక్తవయసు వచ్చి కరవడం మొదలుపెట్టగానే ఆ బొమ్మ ఇనుపపంజరం పాలవుతుంది. అప్పటి దృశ్యాలు మాత్రం ఎవరూ పెట్టరు.

'ఆపదలో ఉన్న జంతువులను రక్షించే దృశ్యాలు మంచివే కదా?' అని నాల్గవది. నిజమైన రక్షణ నిస్సందేహంగా పుణ్యకార్యం. కాని కొండచిలువ చుట్టలో కోతిపిల్లను తామే పడవేసి, కెమెరా అమర్చుకొని, సమయానికి పరుగెత్తివచ్చి విడిపించే కపటరక్షకులు బయలుదేరారు. ఇటువంటి దృశ్యాలను నిషేధిస్తున్నట్లు 2021 లో యూట్యూబ్ సంస్థయే ప్రకటించవలసివచ్చింది. గజేంద్రమోక్షం మనకు తెలుసు. మకరిని తానే వదలి, గజేంద్రుణ్ణి మడుగులోకి తానే నెట్టి, చక్రధారి వేషమూ తానే వేసేవానిని ఏమనాలి? సిరికి చెప్పక, శంఖచక్రాలు ధరింపక పరుగెత్తిన స్వామి కథ చెప్పుకొనే జాతి, ముందుగా కెమెరా సర్దుకొని వచ్చే రక్షకుణ్ణి గుర్తుపట్టలేదా?

'మన దేశంలో కోతులాట ఎప్పటినుండో ఉన్నది కదా. ఇప్పుడే ఎందుకీ ఆవేదన?' అని ఐదవది. ఉన్నది, అది తప్పని దేశం నిర్ణయించింది కూడా. ఎలుగులు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలకు శిక్షణ ఇచ్చి ప్రదర్శించడాన్ని కేంద్రప్రభుత్వం 1998 లో నిషేధించగా, 2001 లో సర్వోన్నత న్యాయస్థానం దానిని సమర్థించింది. డోలు కొట్టి కోతిని గెంతించి పిడికెడు బియ్యం అడిగిన నిరుపేదకు ఆనాడు జీవనోపాధి పోయింది. నేడు అదే కోతులాట చలువగదిలోకి చేరి, మార్మోసెట్, కాపుచిన్ అనే విదేశీ నామాలు ధరించి, లక్షల వీక్షణలు గడిస్తున్నది. పేదవాడు చేస్తే క్రూరత్వం, ధనికుడు చేస్తే ముచ్చటా? ధర్మానికి ఇటువంటి పక్షపాతం లేదు.

మాయామృగ వ్యాపారం

రామాయణంలో స్వర్ణమృగఘట్టాన్ని ఈ దృష్టితో ఒకసారి తిరిగి చదవండి. అరణ్యంలో అన్ని లేళ్ళూ ఉన్నాయి. కాని అపూర్వమైనది, రత్నాలు పొదిగినట్లున్నది, ఎవరూ చూడనిది కనబడింది. సజీవంగా పట్టితెస్తే వనవాసానంతరం అయోధ్య అంతఃపురంలో అందరికీ ఆశ్చర్యం గొలుపుతుందని అమ్మవారు పలికినట్లు వాల్మీకి వర్ణించాడు. జగన్మాతకు మోహమేమిటి? లోకశిక్షణార్థమైన లీల అది. అపురూపమైన జంతువును సొంతం చేసుకొని నలుగురికి చూపాలన్న కోరిక వెనుక ఒక మారీచుడు ఉంటాడని, వాని వెనుక ఒక రావణుడు ఉంటాడని ఆ తల్లి మనకు నేర్పింది.

నేటి మారీచులు విమానాలలో వస్తున్నారు. చెన్నై, ముంబాయి, బెంగుళూరు విమానాశ్రయాలలో బ్యాంకాక్ నుండి దిగిన ప్రయాణికుల పెట్టెలలో గిబ్బన్లు, మార్మోసెట్లు, ఇతర వానరశిశువులు సుంకాధికారులకు పలుమార్లు పట్టుబడ్డాయి. బట్టల నడుమ ఊపిరాడక దారిలోనే చచ్చినవీ ఉంటున్నాయి. విదేశీ జంతువులను తమవద్ద ఉంచుకొన్నవారు స్వచ్ఛందంగా తెలుపుకోవచ్చునని కేంద్రం 2020 లో అవకాశం ఇచ్చింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022 లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చి, సైటెస్ జాబితాలోని జీవులను కూడా చట్టపరిధిలోకి తెచ్చింది. వాటిని ఉంచుకొన్నవారు నమోదు చేయించాలని 2024 లో నిబంధనలు వెలువడ్డాయి. నమోదు పత్రం చట్టానికి సమాధానం కావచ్చు. తల్లికి సమాధానం కాదు.

మా ఆలయానికి ఒక భక్తుడు అరచేయంత మార్మోసెట్‌ను తెచ్చి, నామకరణం చేయమని కోరాడు. మెడలో బంగారు గొలుసు, నుదుట తిలకం. చిత్రీకరించడానికి ఇద్దరు మిత్రులు. 'నాయనా, దీని తల్లి ఎక్కడ ఉన్నది?' అని అడిగాను. అతడు రసీదు చూపాడు. సంస్కారానికి జనని ఒడి కావాలి, రసీదు చాలదని చెప్పి తిరస్కరించాను. దక్షిణతో పాటు ఆ భక్తుని రాకపోకలూ ఆగిపోయాయి. ఆలయానికి అది నష్టమని కొందరు అన్నారు. హింసకు ఆశీర్వచనం అమ్ముకొనడమే ఆలయానికి నిజమైన నష్టం. అర్చక సోదరులకు నా విన్నపం ఇదే: మన శఠారి ఎవరి రీలుకూ అలంకారం కారాదు.

ఇక్కడే మరొక మాట. దేవాంగపిల్లి కన్నులతో వశీకరణం, క్షుద్రపూజ సిద్ధిస్తాయని నమ్మించే వంచకులు మన ప్రాంతాలలో నేటికీ ఉన్నారు. ఏ ఆగమమూ, ఏ స్మృతీ దానిని విధించలేదు. ఆ ప్రాణి చట్టపు మొదటి షెడ్యూలులో ఉన్నది; దానిని పట్టడం నేరం. ఏడుకొండలవాని అరణ్యంలో నివసించే జీవిని చంపి, ఏ దేవతను ప్రసన్నం చేసుకొంటారు?

కర్తవ్యము

దత్తాత్రేయ సంప్రదాయంలో అవధూత ఇరువదినాలుగు గురువులను చెప్పాడు. వారిలో కొండచిలువ, ఏనుగు, లేడి, తుమ్మెద, చేప ఉన్నాయి. ఆయన వాటిలో ఒక్కదానినీ పట్టి బంధించలేదు. దూరంగా నిలిచి చూచి, నేర్చుకొని, నడచిపోయాడు. జంతువును చూడడానికి మన సంప్రదాయం చూపిన మార్గం అది.

సాధకుడు చేయదగినవి కొన్ని మాత్రమే, అయినను కఠినమైనవి. అడవిజీవిని ఇంటిలో, దుస్తులలో, మనిషి చేతిలో చూపే దృశ్యాన్ని చివరివరకు చూడవద్దు. మెచ్చుకోవద్దు. కోపంతో తిట్టినా, 'ఎంత క్రూరం' అని పదిమందికి పంపినా, యంత్రగణనలో అదీ ఆదరణయే; కనుక పంచుకోవద్దు, అభ్యంతరం నమోదు చేసి వదలండి. కనుమ దారులలో, ఆలయ మెట్లపై కోతులకు చిరుతిళ్ళు ఎరచూపి చిత్రాలు తీయవద్దు. ఆ రుచికి మరగినదే రేపు మరొక భక్తుని చేతిసంచి లాగుతుంది, రాళ్ళదెబ్బ తింటుంది. గాయపడిన జీవి కనబడితే అటవీశాఖకు అప్పగించండి; మీ ఒడిలో పెంచి పేరు పెట్టవద్దు. పిల్లలు ముచ్చటపడి చూపినపుడు కసరకుండా, 'దీని తల్లి ఎక్కడ ఉన్నదో చెప్పు?' అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న చాలు.

ఇంద్రియనిగ్రహం అంటే అడవికి పోవడం అని చాలామంది భ్రమిస్తారు. అడవిలోని జీవిని అడవిలోనే ఉండనిచ్చి, మన బొటనవ్రేలిని మన వశంలో ఉంచుకొనడం కూడా నిగ్రహమే. అహింస యమాలలో మొదటిది. మొదటి మెట్టు ఎక్కనివాడు ధ్యానసమాధుల గురించి ఎంత వాదించినా వ్యర్థం.

స్వస్తి.